కువైట్ టికెట్: ఏజెంటా, యాపా, ఎయిర్‌లైన్ సొంత సైటా?

"అన్నా, టికెట్ యాప్‌లో తీసుకోవాల్నా, ఏజెంట్ దగ్గరికి పోవాల్నా?" రంజాన్‌కు ముందు మొదలయ్యే ఈ ప్రశ్న ఎండాకాలం సెలవులు అయ్యేదాకా ఆగదు. కడపలో కువైట్ చుట్టం లేని వీధి వెతకాలి మరి. మొన్న మా తమ్ముడికి, వాడి ఇద్దరు స్నేహితులకు తిరుగు టికెట్లు నేనే తీశాను. మూడు దారులూ చూసి తీశాను కాబట్టి అదే చెప్తాను.

ముందు ధర. యాప్‌లో ఎయిర్‌లైన్ సైట్ కంటే మూడు వందల యాభై తక్కువ కనిపించింది. డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి తలకింత అని కన్వీనియన్స్ ఫీజు కలిసింది, అడగకుండానే ఇన్సూరెన్స్‌కు టిక్ పెట్టి ఉంది. ఆ టిక్ తీసేశాక కూడా మిగిలిన తేడా ఒక బిర్యానీ ఖరీదు లేదు. బ్యాంకు కార్డు ఆఫర్ ఉన్న రోజైతే యాప్ నిజంగానే చవక. ఆ మాట ఒప్పుకోవాలి.

అసలు డబ్బు మిగిలింది ఇంకోచోట. ముగ్గురికీ కలిపి వెతికితే తలా 15,900 చూపించింది. అనుమానం వచ్చి ఒక్కరికే వెతికితే 13,700. విమానంలో సీట్లను ధరల మెట్లుగా విడగొట్టి అమ్ముతారు. చవక మెట్టులో రెండే సీట్లు మిగిలినప్పుడు మనం మూడు అడిగితే, ముగ్గురినీ కలిపి పై మెట్టుకు ఎక్కించేస్తారు. ఇద్దరికి ఒకసారి, మూడోవాడికి ఒకసారి తీస్తే 4,400 మిగిలింది. మీరు ఎక్కడ కొన్నా ఈ లెక్క ఇదే. ఫోన్‌లో హిస్టరీ తుడిచేస్తే రేటు తగ్గుతుందంటారు గానీ, నాకైతే ఎప్పుడూ తగ్గలేదు.

అయినా నేను ఎయిర్‌లైన్ సైట్‌లోనే తీశాను. ఎందుకంటే కువైట్ ప్రయాణంలో తేదీ మన చేతిలో ఉండదు, కఫీల్ (అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని) చేతిలో ఉంటుంది. పోయినేడు మా తమ్ముడి సెలవు పది రోజులు వెనక్కి జరిగింది. అప్పుడు టికెట్ ఒక యాప్‌లో తీసి ఉన్నాం. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేస్తే "మీరు కొన్నచోటే మార్చుకోండి" అన్నారు. యాప్ వాళ్లేమో ఎయిర్‌లైన్ వేసే చార్జీ, కొత్త ధరకూ పాత ధరకూ ఉన్న తేడా, ఆపైన వాళ్ల సొంత ఫీజు, మూడూ అడిగారు. ఫోన్‌లో పాట వింటూ నలభై నిమిషాలు కూర్చున్నాను. కొన్నప్పుడు మిగిలిన మూడు వందలు ఆ ఒక్క మధ్యాహ్నమే ఎగిరిపోయాయి. సొంత సైట్‌లో కొంటే మొదటి రెండు ఖర్చులు తప్పవు గానీ, మూడోది ఉండదు. ఇంట్లో కూర్చుని మనమే మార్చుకోవచ్చు.

ఇంకొకటి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు మనలో చాలామంది. టికెట్‌లో పేరు తప్పు పడేది అక్కడే. మన దేశపు ఎయిర్‌లైన్ సైట్‌లో నేరుగా తీసుంటే, 24 గంటల్లో చెప్తే పేరులో అక్షరం ఉచితంగా సరిచేయాలని డీజీసీఏ (విమానాలపై అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) నిబంధన ఉంది. ఈసారి నాకే అది పనికొచ్చింది, మూడోవాడి పేరులో ఒక 'హెచ్' తక్కువ కొట్టాను.

మరి ఏజెంట్ దండగా? కాదు. ఆయన దగ్గర సిరీస్ ఫేర్ టికెట్లు ఉంటాయి, అంటే ముందే గుత్తగా కొనిపెట్టుకున్న సీట్లు. రద్దీలో అవి సైట్ ధర కంటే బాగా తక్కువకు దొరుకుతాయి. వాటిని రద్దు చేస్తే మామూలుగా రూపాయి వెనక్కి రాదు. తేదీ ఖాయమైనవాళ్లకు మాత్రం వాటిని మించింది లేదు. పైగా "జీతం పడినాక పంపించు లేప్పా" అనే మాట ఏ యాప్ అంటుంది? ఒక్కటే జాగ్రత్త: బుకింగ్‌లో ఆయన నంబర్ కాకుండా మీ నంబర్ ఎక్కించమనండి. విమానం టైము మారితే మెసేజ్ ఆ నంబర్‌కే పోతుంది. టికెట్ చేతికొచ్చాక పీఎన్ఆర్‌ను (టికెట్ మీద ఉండే బుకింగ్ నంబర్‌ను) ఎయిర్‌లైన్ సైట్‌లో కొట్టి, సామాను ఎన్ని కేజీలో కూడా అక్కడే చూసుకోండి.

ఏ ఊరి నుంచి ఎక్కాలంటారా? రాజంపేట, కోడూరు వైపు వాళ్లకు చెన్నై, రాయచోటి వాళ్లకు బెంగళూరు. రేణిగుంటలో ఒక విమానం, హైదరాబాద్‌లో ఇంకోటి అని విడివిడిగా టికెట్లు తీసి కలపొద్దు. మొదటిది ఆలస్యమైతే రెండోవాడు మన మాట వినడు. మా తమ్ముడు ఈసారి చెన్నై నుంచే పోతున్నాడు. కడప నుంచి చెన్నై సెంట్రల్‌కు రైలు, అక్కడి నుంచి మెట్రో ఎయిర్‌పోర్టు దాకా తీసుకుపోతుంది. కారు బాడుగ తప్పింది.