విచర్ 3 సంగీతం: 8 ఏళ్లు, 412 గంటలు విన్నాక

నా సేవ్ ఫైలు 412 గంటలు చూపిస్తోంది. 2017 వేసవిలో ఆఫర్‌లో కొన్న ది విచర్ 3 అనే వీడియో గేము అది. కథ మూడుసార్లు పూర్తి చేశాను, తర్వాత వచ్చిన రెండు ఎక్స్‌పాన్షన్లూ (అదనపు కథలు) ఆడేశాను. అందులో చేయడానికి ఇంక పనేమీ మిగల్లేదు. అయినా వారానికోసారి తెరుస్తాను. గుర్రమెక్కి గేములోని వెలెన్ అనే ప్రాంతపు చిత్తడి నేలల్లోకి పోతాను. క్వెస్ట్ (గేము అప్పగించే పని) ఏదీ పెట్టుకోను. అరగంట తిరిగి ఆపేస్తాను. ఆ అరగంటా నేను చేసేది వినడమే.

గేము గురించి సమీక్షలు బోలెడున్నాయి, కథ గురించీ గ్రాఫిక్స్ గురించీ అందరూ రాశారు. నేను రాస్తున్నది దాని సంగీతం గురించి. ఆర్‌పీజీ (ఒక పాత్రగా మారి పెద్ద కథలో గంటల తరబడి తిరిగే గేము) సంగీతాన్ని మొదటి గంటలో విని తీర్పు చెప్పకూడదని నా గట్టి నమ్మకం. సినిమా పాట ఐదు నిమిషాల్లో అయిపోతుంది, నచ్చితే మళ్లీ మనమే పెట్టుకుంటాం. ఆర్‌పీజీలో అలా కాదు. అడవిలో నడిచేటప్పుడు వచ్చే రెండు మూడు నిమిషాల ముక్కని వంద గంటలు వినాలి. యుద్ధం పాటని వెయ్యిసార్లు వినాలి. మనం అడక్కుండానే వస్తుంది. అన్నిసార్లు వచ్చాక కూడా మనం చెవి ఒగ్గుతున్నామా లేదా అన్నదే నా కొలత.

ఈ కొలత నాకు వయొలిన్ క్లాసులో అబ్బింది. మాది విజయనగరం, ఇల్లు సంగీత కళాశాలకి దగ్గర్లోనే. 1919లో మొదలైన ఆ కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ చెప్పారు. ఘంటసాలా, సుశీలా చదువుకున్నది అక్కడే. నేను కళాశాలలో చేరలేదు గానీ, పక్క వీధిలో ఒక మాస్టారి దగ్గర ఏడేళ్లు నేర్చుకున్నాను. మొదటి ఏడాదిన్నరా సరళీ వరుసలే. ఒకరోజు విసుగొచ్చి కమాను కింద పెట్టేస్తే, "ఆ 'ప' ఇవాళ ఎలా పలికిందో విన్నావేటి? నిన్నటి 'ప' కాదు అది" అన్నారు. అప్పుడు అర్థం కాలేదు. వెలెన్‌లో తిరుగుతుంటే అర్థమైంది.

వెలెన్ యుద్ధంలో నాశనమైన ప్రాంతం. ఉరితీసిన శవాలు చెట్లకి వేలాడుతుంటాయి, ఊళ్లలో తిండి లేదు. అక్కడ సంగీతం చాలా తక్కువ మాట్లాడుతుంది. ఒక తీగ మీద కమాను నెమ్మదిగా జారుతుంది, కాసేపు గాలి చప్పుడొక్కటే, మళ్లీ ఆ తీగ. స్వరాల మధ్య వదిలిన ఖాళీలు పెద్దవి. ఆ ఖాళీల్లో మన గుర్రం డెక్కలూ, కాకులూ, దూరంగా కుక్క అరుపూ వచ్చి కూర్చుంటాయి. అందుకే అదే ముక్క మళ్లీ వచ్చినా అచ్చం అదే కాదు. వానలో విన్నది వేరు, పొద్దున విన్నది వేరు. మాస్టారు చెప్పిన 'ప' ఇదే.

సంగీతం చేసినవాళ్లు మార్చిన్ ప్షిబివోవిచ్, మికొలాయ్ స్ట్రోయిన్‌స్కీ, వాళ్లతో పాటు పర్సివల్ అనే పోలిష్ జానపద బృందం. గేము తీసింది పోలండ్ వాళ్లే. హాలీవుడ్ ఫక్కీలో పెద్ద ఆర్కెస్ట్రా పెట్టి సరిపుచ్చకుండా, తమ వైపు పాత వాయిద్యాల్ని వాడుకున్నారు. నాకు బాగా నచ్చింది హర్డీ-గర్డీ. దాంట్లో కమాను బదులు ఒక చక్రం తీగల్ని రాసుకుంటూ తిరుగుతుంది. పిడి తిప్పుతున్నంతసేపూ స్వరం తెగదు. కమాను చివరికి రావడమంటూ లేని వయొలిన్ అనుకోండి. పైన రాగం నడుస్తుంటే కింద ఒకటి రెండు తీగలు ఒకే స్వరాన్ని పట్టుకుని ఉంటాయి, అచ్చం మన తంబురా శ్రుతిలా. శ్రుతి మీద పెరిగిన చెవికి ఆ సంగీతం పరాయిది అనిపించదు.

ఇక యుద్ధం పాట. పోరాటం దగ్గరపడగానే డప్పులు మొదలై, ఆడగొంతులు ఒక్కసారిగా కేకలా లేస్తాయి. మొదటి వంద గంటలూ అది యుద్ధానికే రాసిన పాట అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది పర్సివల్ వాళ్లు అంతకుముందే పాడుతున్న ఒక బల్గేరియన్ జానపద గీతంలోంచి వచ్చిందని. ఈస్టరుకి ముందు లాజరు శనివారం అని ఒక పండగ ఉంది, ఆ రోజు ఆడపిల్లలు ముస్తాబై ఇంటింటికీ తిరిగి పాడే పాటల్లో ఒకటి. అంటే ధనుర్మాసంలో మన వీధుల్లో గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పిల్లలు పాడుకునే పాట లాంటిది! పండగ పాటని తీసుకొచ్చి కత్తి పోరాటంలో పెట్టారు. ఇది తెలిశాక కొన్నాళ్లు ఆ పాట వస్తే కత్తి తిప్పలేకపోయాను. మా చెల్లెలు గొబ్బి పాట పాడుతుంటే పక్కన ఎవరో కొట్టుకుంటున్నట్టు అనిపించేది. తర్వాత ఇంకో సంగతి తట్టింది. మా జిల్లాలో తప్పెటగుళ్ళు చూసినవాళ్లకి తెలుస్తుంది: గుండెలకి కట్టుకున్న గుళ్ళ మీద చేతులు పడుతూ, గజ్జెల కాళ్లు లేస్తూ, దరువు పెరిగే కొద్దీ అది భక్తో యుద్ధమో చెప్పలేం. దేవుడి పాటకీ పోట్లాటకీ ఒంట్లో పుట్టే వేడి ఒకటేనేమో. ఆ సంగీత దర్శకులు దాన్ని పట్టుకున్నారు.

ఒక మధ్యాహ్నం గేములోని స్కెల్లిగె దీవుల్లో పడవ నడుపుతున్నాను. హెడ్‌ఫోన్స్ పాడయ్యాయి, స్పీకర్ల మీద పెట్టుకున్నాను. ఆ దీవుల సంగీతంలో ఒక ఆడగొంతు ఉంటుంది, గాలి మీద తేలివచ్చినట్టు. మంచం మీద పడుకున్న మా మామ్మ లేచి కూర్చుంది.

"ఏటిరా అది? ఆ ఆడమనిషి అలా పాడతంది, ఎవులైనా పోయారేటి?"

"లేదు మామ్మా, సముద్రం మధ్యన దీవులు. ఊరికే పాట."

కాసేపు విని, "ఊరికే కాదు. మొగుడు యాటకెళ్లుంటాడు. ఇంకా రాలేదు" అంది.

మామ్మ పుట్టిల్లు పూసపాటిరేగ వైపు సముద్రపు ఒడ్డు. స్క్రీన్ ఆమెకి కనపడటం లేదు, కథ తెలియదు, ఆ భాష ఏదో మాకిద్దరికీ తెలియదు. స్కెల్లిగె అంటే మగాళ్లు పడవలేసుకుని దండయాత్రలకి పోయే దీవులు, ఒడ్డున ఎదురుచూసే ఇళ్లు. నాకు ఆ సంగతి చెప్పడానికి గేముకి ఎన్నో క్వెస్టులు కావలసివచ్చాయి. మామ్మకి ఒక్క నిమిషం చాలింది. ఆమె పోయి మూడేళ్లయింది. స్కెల్లిగెకి వెళ్లినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆ మాటే.

గేములోని నొవిగ్రాడ్ నగరంలో ఒక సత్రం ఉంది. ప్రిసిల్లా అనే గాయని అక్కడ వీణలాంటి ల్యూట్ పట్టుకుని పాడుతుంది. ఆ పాట నడిచినంతసేపూ మనం చేయగలిగిందేమీ లేదు, కూర్చుని వినాలి. కెమెరా సత్రంలోని ఒక్కొక్కరి ముఖం మీదకీ వెళ్తుంది. తాగుతున్నవాళ్లు గ్లాసు దించేస్తారు. ఆమె పాడేది మన కథానాయకుడు గెరాల్ట్ ప్రేమ గురించే, అతను జనం మధ్య కూర్చుని తన గురించి తానే వింటున్నాడు. ఒక యాక్షన్ గేము ఆటగాడి చేతులు కట్టేసి పాట వినిపించడానికి ధైర్యం కావాలి. నేను మూడుసార్లు ఆడినప్పుడూ ఆ దృశ్యాన్ని దాటవేయలేదు.

నా మాట అతిశయమా అని నాకే అనుమానమొచ్చి ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఆడియో సెట్టింగ్స్‌లో సంగీతానికి విడిగా మీట ఉంది. దాన్ని సున్నాకి దించి ఒక వారం ఆడాను. శబ్దాలు, మాటలు అన్నీ ఉన్నాయి, సంగీతం ఒక్కటే లేదు. రెండో రోజుకే నా కళ్లు పక్కనున్న చిన్న మ్యాపుకి అతుక్కుపోయాయి. దారి పొడుగ్గా అనిపించి గుర్రం మానేసి ఫాస్ట్ ట్రావెల్ (మ్యాపు మీద చోటు ఎంచుకుని ఒక్కసారిగా అక్కడికి చేరడం) చేస్తున్నాను. ఊళ్లు ఒకదానికొకటి తేడా లేనట్టున్నాయి. వారం చివర ఒక విషాదమైన క్వెస్ట్ పూర్తిచేసి వెంటనే బహుమతి ఎంతొచ్చిందో చూసుకున్నాను. అప్పుడు భయమేసింది. మీట మళ్లీ పైకి జరిపాను.

లోపాలు లేవా? ఉన్నాయి, 412 గంటల్లో బాగా గుచ్చుకున్నాయి. శత్రువు నా కంటపడకముందే యుద్ధం పాట మొదలైపోతుంది, దాంతో ఆ మలుపులో ఏముందో ముందే తెలిసిపోతుంది. రెండు నక్కిన తోడేళ్లకీ, ఊరంతటినీ తిన్న రాక్షసుడికీ చాలాసార్లు అదే హోరు. మూడు దెబ్బల్లో తోడేలు చచ్చిపోతే పాట సగంలో తెగిపోతుంది. ఇంత జాగ్రత్తగా కట్టిన సంగీతానికి ఆ అతుకు మాత్రం ముతకగా ఉంది. నొవిగ్రాడ్ వీధుల పాట కూడా 200 గంటల దగ్గర నాకు అరిగిపోయింది, అందులో వెలెన్‌కి ఉన్న ఖాళీలు లేవు.

అతుకు సంగతి వచ్చింది కాబట్టి నియర్: ఆటోమాటా గురించి చెప్పాలి, 2017లోనే వచ్చిన గేము, సంగీతం కెయిచి ఒకాబె బృందానిది. అక్కడ ఒకే పాటని పొరలు పొరలుగా పెట్టారు. ఊరికే నడుస్తుంటే పలచని పొర, పోరాటం వస్తే డప్పుల పొర, కథ వేడెక్కితే గొంతు వచ్చి చేరుతుంది. పాట ఆగదు, మారదు, చిక్కబడుతుంది. ఆ గేములో శత్రు యంత్రాల్ని హ్యాకింగ్ చేసేటప్పుడు అదే బాణీ పాతకాలపు వీడియో గేము బీప్‌ల్లోకి దిగి, బయటికి రాగానే మళ్లీ పూర్తి రూపంలోకి వస్తుంది. చాలా పాటలు ఎమీ ఎవాన్స్ అనే గాయని తానే కల్పించిన భాషలో పాడింది. మాటలు ఎక్కడివీ కావు, కాబట్టి ఎవరికీ పరాయివి కావు. అతుకుల విషయంలో విచర్ కంటే ఇది చాలా ముందుంది.

స్కైరిమ్ (2011) అనే ఇంకో ఆర్‌పీజీ గురించి ఒక్క మాట. 30 మంది గాయకుల్ని మూడుసార్లు రికార్డు చేసి 90 గొంతుల్లా వినిపించారు. మొదటిసారి ఒళ్లు జలదరిస్తుంది. వందోసారికి నేను తగ్గించుకున్నాను. ఆ గేములో ఇప్పటికీ నాకు నిలిచింది రాత్రిపూట మంచులో నడిచేటప్పుడు వచ్చే నెమ్మది సంగీతం.

పాత గేముల్లో ఫైనల్ ఫాంటసీ 6 దగ్గర ఆగుతాను. 1994లో సూపర్ ఫామికామ్ అనే నింటెండో గేము యంత్రం మీద వచ్చింది. ఆ యంత్రానికి ఒకేసారి పలకగలిగేది 8 స్వరాలు, శబ్దానికి ఉన్న మెమరీ 64 కిలోబైట్లు. ఈరోజు వాట్సాప్‌లో వచ్చే శుభోదయం ఫొటో కూడా అంతకంటే పెద్దది. అంత ఇరుకులో సంగీత దర్శకుడు నొబువో ఉయెమాట్సు ప్రతి ముఖ్య పాత్రకీ ఒక బాణీ కట్టాడు, మధ్యలో ఏకంగా ఒక ఒపెరా పెట్టాడు. మనిషి గొంతుని అందులో పట్టించడం కుదరదు కాబట్టి, గొంతులాంటి ఒక శబ్దంతో పాడించాడు. పాడుతున్నప్పుడు తర్వాతి చరణమేదో ఆటగాడు గుర్తుపెట్టుకుని ఎంచుకోవాలి. తప్పితే ప్రదర్శన ఆగిపోతుంది. మా వైపు పద్యనాటకాల్లో హార్మోనియం మీద రాగం తీసి నటుడు పద్యం అందుకునే క్షణం ఉంటుందే, ప్రేక్షకులంతా ఊపిరి బిగబట్టేది, సరిగ్గా అదే.

2022లో కంప్యూటరు మీదకి వచ్చిన కొత్త రూపంలో ఆ ఒపెరాని నిజమైన గాయకులు పాడారు. నేను రెండూ విన్నాను. కొత్తది అందంగా ఉంది, కాదనను. అయినా నాకు పాతదే ఎక్కువ నచ్చింది. ఆ శబ్దం గొంతు కాబోయి ఆగిపోతుంది, మిగిలింది మనం లోపల పాడుకోవాలి.

అదే ఉయెమాట్సు 1997లో ఫైనల్ ఫాంటసీ 7లో చేసిన పని ఒకటి. అందులో ఒక ముఖ్య పాత్ర మన కళ్ల ముందే చనిపోతుంది. పియానోతో ఆమె బాణీ మొదలవుతుంది. వెంటనే బాస్ ఫైట్ (పెద్ద శత్రువుతో పోరాటం) వస్తుంది. అప్పటిదాకా గంటల తరబడి గేము మనకి ఒక అలవాటు చేసింది: పోరాటం వస్తే సంగీతం మారుతుంది. ఇక్కడ మారదు. కత్తులు తిరుగుతుంటాయి, ఆమె బాణీ అలాగే సాగుతుంటుంది. అలవాటంటూ చేశాక తప్పించారు కాబట్టే అంత దెబ్బ తగులుతుంది. పునరుక్తి వల్ల వచ్చే బలం ఇది, సినిమాకి ఇంత సమయం దొరకదు.

వినే పరికరం గురించి. మొదటి రెండేళ్లూ ల్యాప్‌టాప్ స్పీకర్ల మీదే విన్నాను, హర్డీ-గర్డీ కింది తీగలు ఉన్నాయని కూడా నాకు తెలియలేదు. ఆ చిన్న స్పీకర్లకి మంద్రం పలకదు. గంటస్తంభం దగ్గర ఒక దుకాణంలో కొన్న స్పీకర్లు డప్పు దరువుకి జిరజిరలాడాయి, మార్చమంటే మార్చలేదు. చివరికి చెవుల్ని పూర్తిగా కప్పే తీగ హెడ్‌ఫోన్స్ కొన్నాను, రెండు వేల లోపే. అవి చాలు. సంగీతం మీట 80 దగ్గర, శబ్దాలు 70 దగ్గర పెట్టుకుంటే వెలెన్ గాలీ వినపడుతుంది, తీగా వినపడుతుంది.

ప్రస్తుతం 2025లో వచ్చిన క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 అనే గేము ఆడుతున్నాను. సంగీతం లోరియెన్ టెస్టార్ అనే ఫ్రెంచ్ యువకుడిది, 150కి పైగా ముక్కలున్నాయి. మొదటి ఊళ్లోనే వచ్చే ఆడగొంతు వింటే మామ్మ ఏమనేదో అనిపించింది. యుద్ధం పాటలు ప్రాంతానికొకటి మారుతున్నాయి. ఇప్పటికి 30 గంటలే అయింది, తీర్పు చెప్పడానికి ఇంకా చాలా తొందర. ఆదివారాల అరగంట మాత్రం వెలెన్‌దే.