తలుపు వేసుకున్నావా? ఫోన్‌లో మూడేళ్ల దాంపత్యం

మా పెళ్లయి తొమ్మిదేళ్లు. అందులో ఈ మూడేళ్లుగా మా ఆయన ఉద్యోగం ఒక చోట, నాది ఇంకో చోట. మా ఇద్దరి గడియారాలకీ ఐదు గంటల తేడా. ఏడాదికి రెండుసార్లు కలుస్తాం. మిగతా రోజుల్లో మా బంధం, పడకగది విషయాలతో సహా, ఫోన్ మీదే నడుస్తోంది. దీని గురించి రాసేవాళ్లు తక్కువ, రాసినవాళ్లలో చాలామంది వెకిలిగా రాస్తారు. అందుకే ఇన్నాళ్ల వాడకంలో మాకు ఏది నిలిచిందో, ఏది వదిలేశామో సూటిగా చెబుతున్నాను.

చివరికి నిలిచింది గొంతు ఒక్కటే. ఎక్కడా రికార్డు కాకుండా, ఆ కాసేపు ఉండి వెళ్లిపోయే ఆడియో కాల్.

మొదటి ఆరు నెలలూ వీడియో కాల్సే చేసుకున్నాం. చూడాలన్న ఆత్రం ఉంటుంది కదా. కానీ తెర మూలలో నా ముఖం నాకే కనిపిస్తుంటే ఆయన మాట వినడం మానేసి నేనెలా ఉన్నానో చూసుకునేదాన్ని. ఫోన్ దేనికి ఆనించాలి, లైటు ఎటు పడాలి అన్న ధ్యాసే ఎక్కువ. నెట్ కాస్త మందగిస్తే బొమ్మ ఆగిపోయేది. ఆడియోతో ఈ బాధ చాలా తక్కువ. ఇలాంటి కాల్స్‌లో గొంతును కుదించి పంపడానికి ఎక్కువగా వాడే ఓపస్ అనే పద్ధతి సెకనుకు 6 కిలోబిట్లు దొరికినా గొంతును మోసుకెళ్లగలదు. వీడియోకి అంత సన్నటి దారి చాలదు. పైగా కళ్లు మూసుకుని వింటే మనిషి పక్కనే ఉన్నట్టుంటుంది. వీడియోలో నాకు ఒక్కసారి కూడా అలా అనిపించలేదు.

రెండు చిన్న సంగతులు తెలుసుకోవడానికి మాకు నెలలు పట్టింది. గొంతు మరీ తగ్గించి గుసగుసగా మాట్లాడితే ఫోన్ దాన్ని చుట్టుపక్కల చప్పుడు అనుకుని అణిచేస్తుంది. సగం మాటలు అవతలికి చేరవు. గుసగుస కాకుండా, గొంతు పలికేలా మెల్లగా మాట్లాడాలి. రెండోది ఆలస్యం. ఇటు నుంచి అటు మాట చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడటం మొదలవుతుంది. అది తెలియక, ఆయన వెంటనే బదులివ్వకపోతే మనసు పెట్టడం లేదేమో అని నొచ్చుకునేదాన్ని. ఇప్పుడు ఒక మాట అన్నాక కాస్త ఆగుతాను.

ఇక గోప్యత. మామూలు ఫోన్ కాల్, ఎస్సెమ్మెస్ రెండూ కంపెనీ నెట్‌వర్క్ లోపల తెరుచుకునే అవకాశం ఉన్నవే. మేం సిగ్నల్ అనే యాప్ వాడతాం. అందులో మాటలు, సందేశాలు రెండు ఫోన్ల మధ్య తాళం వేసి వెళ్తాయి, మధ్యలో ఎవరూ తెరవలేరు. వాట్సాప్‌లోనూ 2016 నుంచి ఈ ఏర్పాటు ఉంది. అయితే అక్కడి చాట్ బ్యాకప్‌కి కూడా అదే తాళం పడాలంటే మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. ఆ వీలు 2021లో వచ్చింది. టెలిగ్రామ్‌లో సందేశాలకి సీక్రెట్ చాట్ తెరిస్తేనే ఆ రక్షణ, మామూలు చాట్‌కి లేదు. మా సందేశాలు చదివాక గంటకి మాయమైపోయేలా పెట్టుకున్నాం. నోటిఫికేషన్‌లో పేరు గానీ మాట గానీ కనిపించవు.

ఇవన్నీ సరిచూసుకున్నా ఒకసారి దెబ్బ తిన్నాం. రెండో ఏడాది మొదట్లో ఆయన ఒక వాయిస్ మెసేజ్ పంపారు. నేను గదిలో ఉన్నాను, తలుపు వేసే ఉంది. ప్లే నొక్కాను, ఏమీ వినిపించలేదు. మళ్లీ నొక్కాను. ఆ గొంతు హాల్లో ఉన్న బ్లూటూత్ స్పీకర్‌లో వస్తోంది. పొద్దున పాటలు విన్నప్పుడు కలిపిన ఫోన్‌ని విడదీయలేదు. హాల్లో మా అత్తగారున్నారు. నాలుగైదు సెకన్లే, కానీ ఆ వారమంతా నేను ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఆవిడ ఒక్క మాట కూడా ఎత్తలేదు. ఆ పెద్దరికానికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఆ రోజు నుంచి వైరున్న ఇయర్‌ఫోన్లే, అది కూడా గుచ్చాకే మాట. వాయిస్ మెసేజ్‌లు పూర్తిగా మానేశాం.

ఫోటోలు అంతకు ముందే మానేశాం. ఒక్కసారి చూస్తే పోయే ఫోటోని కూడా ఇంకో ఫోన్ కెమెరాతో తీయొచ్చు. మా ఆయన మీద నాకు అనుమానం లేదు. కానీ ఫోన్ పోవచ్చు, రిపేరుకి ఇవ్వాల్సి రావచ్చు. అసలు లేని ఫోటోకి ఆ భయం ఉండదు. ఇప్పటికే అలాంటి ఫోటో బయటపడుతుందేమోనని భయపడుతున్న పెద్దవాళ్లకి స్టాప్ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మన ఫోన్ దాటదు. దాని నుంచి తయారైన ఒక అంకెల గుర్తు మాత్రమే వెళ్తుంది. దాని సాయంతో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటివి ఆ ఫోటోని గుర్తుపట్టి ఆపగలవు.

స్పీకర్ సంగతి జరిగాక ఆయన ఫోన్ ఎత్తగానే "తలుపు వేసుకున్నావా?" అని అడగడం మొదలుపెట్టారు. మొదట్లో అది నిజంగా తలుపు గురించే. పోను పోను దానికి ఇంకో అర్థం వచ్చింది. "వేసుకున్నా" అంటే ఈ రాత్రి నాకూ ఇష్టమే అని. "తెరిచే ఉంది" అంటే ఈ రోజు వద్దు అని. కారణం అడగకూడదు, చెప్పనక్కర్లేదు.

ఈ అర్థం రావడానికి వెనక ఒక చెడ్డ రాత్రి ఉంది. నాకు ఏ మాత్రం ఓపిక లేదు. కానీ ఆయన అక్కడ ఒక్కరే ఉన్నారు, కాదంటే బాధపడతారని సరే అన్నాను. పది నిమిషాలకి ఆయనే ఆగి, "నువ్వు ఇక్కడ లేవు కదా" అన్నారు. ఏడుపొచ్చింది. ఎదురుగా ఉంటే ముఖం చూసి పసిగడతారు. ఫోన్‌లో మౌనం ఒక్కటే ఆనవాలు, దాన్ని సిగ్గు అనుకోవచ్చు, ఇష్టమనీ అనుకోవచ్చు. అందుకే ఫోన్‌లో మాటతోనే అడగాలి, మాటతోనే చెప్పాలి, మధ్యలో ఎప్పుడైనా ఆపేయగలగాలి. నిన్న సరే అన్నంత మాత్రాన ఈ రోజుకీ సరే అని కాదు. ఆయన తెరిచే ఉందన్న మొదటి రోజు నాకు చాలా కష్టమనిపించింది. నా మీద ఇష్టం తగ్గిందేమో అన్న టెన్షన్‌తో తెల్లవార్లూ నిద్రపోలేదు. మర్నాడు ఆ మాటే చెప్పాను. ఆయన ఆఫీసు గొడవ చెప్పారు. అది తెలిశాక నా మనసు కుదుటపడింది.

లోటు లేదని అనను. కాల్ పెట్టేశాక గదిలో నిశ్శబ్దం బరువుగా ఉంటుంది. అందుకే వెంటనే పెట్టేయం. ఒక పావుగంట పిల్లాడి చదువు, కట్టాల్సిన బిల్లులు, ఏదో ఒకటి మాట్లాడుకుంటాం. నాకు నిద్ర పట్టేది ఆ మాటల మధ్యే.

ఇంకా ఏడు నెలలు ఇలాగే ఉండాలి. నిన్న రాత్రి నేనే అడిగాను, "తలుపు వేసుకున్నారా?" అని. "తెరిచే ఉంది" అన్నారు. గొంతు బొంగురుగా ఉంది. జ్వరం చూసుకున్నారా అని అడిగాను. మాత్ర వేసుకునేదాకా లైన్‌లోనే ఉన్నాను.