మూడేళ్లుగా కడుతున్న సైబర్ పాలసీ: నా పేరున ఎవరో లోన్ తీసుకుంటే ఏమిచ్చింది

ఆన్‌లైన్ మోసాలకి ఇచ్చే ఈ ఇన్సూరెన్స్ పాలసీ 2022 డిసెంబరులో తీసుకున్నాను. లక్ష రూపాయల కవరు. ప్రీమియం 749, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 884. మా స్టాఫ్ రూములో ఒకావిడ ఏదో లింకు నొక్కి డబ్బు పోగొట్టుకుంటే, ఆ భయంతో తీసుకున్నదే తప్ప నిబంధనలు చదివి కాదు. పాలసీ పీడీఎఫ్ మొదటిసారి తెరిచింది క్లెయిమ్ పెట్టిన రోజునే. కంపెనీ పేరు రాయడం లేదు. గొడవ పేరుతో కాదు, ఇలాంటి పాలసీ అసలు దేనికి డబ్బిస్తుందన్న దానితో.

నా సంగతి చెబుతాను. విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. 2024 జూన్‌లో స్కూటీ కొందామని షోరూమ్‌కి వెళ్లాం. లోన్ చూసే కుర్రాడు కంప్యూటర్‌లో పాన్ నంబరు కొట్టి, గొంతు తగ్గించి, "మేడమ్, రెండు లోన్లు ఓవర్‌డ్యూలో ఉన్నాయండి" అన్నాడు. ఒకటి 18 వేలు, ఇంకోటి 42 వేలు. రెండూ యాప్‌లో ఇచ్చే అప్పులే. నేను జన్మలో బంగారం లోన్ తప్ప ఇంకోటి ఎరగను. పక్కనే మా ఆయన నా వైపు చూసిన చూపుకి మాత్రం ఏ పాలసీలోనూ కవరు లేదు.

ఇంటికొచ్చి, మన పేరున ఎన్ని సిమ్ములున్నాయో చూపే ప్రభుత్వ సైటు సంచార్ సాథీలో చూస్తే నా పేరున మూడు సిమ్ములున్నాయి. నావి రెండే. ఆ మూడో నంబరు ఇచ్చి లోన్లు తీసుకున్నారు, అందుకే అన్నాళ్లూ నాకు ఒక్క మెసేజీ రాలేదు. 'ఇది నా నంబరు కాదు' అని అక్కడే నమోదు చేశాను. ఆధార్, పాన్ కాపీలు ఎక్కడినుంచి పోయాయో ఇప్పటికీ తెలియదు. సిమ్ము షాపు, గ్యాస్ ఆఫీసు, చీటీలాయన, గంటస్తంభం దగ్గర జిరాక్స్ షాపు... లెక్కపెట్టి వదిలేశాను.

ఇక పాలసీ. కనిపెట్టిన 72 గంటల్లోపు కంపెనీకి చెప్పాలని నా పాలసీలో ఉంది. నాకు తెలిసింది శుక్రవారం సాయంత్రం ఆరుకి. టోల్‌ఫ్రీకి ఫోన్ చేసింది సోమవారం మధ్యాహ్నం రెండుకి. నాలుగు గంటల తేడాతో గట్టెక్కాను. అది కూడా మా తమ్ముడు "అక్కా, నీకేదో ఇన్సూరెన్స్ ఉండాలి కదా" అని గుర్తుచేయబట్టి.

మొదటి దెబ్బ అక్కడే తగిలింది. కవరు లక్ష, కానీ ఐడెంటిటీ థెఫ్ట్, అంటే మన గుర్తింపు దొంగిలించి వాడుకోవడం, దాని కింద ఇచ్చేది అందులో 25 శాతం వరకే, అంటే 25 వేలు. రెండోది, ఆ 60 వేల అప్పుకీ పాలసీకీ సంబంధమే లేదు. అది మీ అప్పు కాదు కాబట్టి మేం కట్టేదేమీ ఉండదన్నారు. ఆలోచిస్తే న్యాయమే. మరి దేనికిస్తారంటే, ఆ అప్పు నాది కాదని నిరూపించుకోవడానికి తిరిగిన ఖర్చుకి. లాయరు ఫీజు, నోటరీ, జిరాక్స్, పోస్టు, ప్రయాణం, స్కూలు కోసుకున్న జీతం. కావాలంటే మానసిక నిపుణుడి ఫీజు కూడానట, దాని జోలికి నేను వెళ్లలేదు. అన్నింటికీ రసీదు ఉండాలి.

క్లెయిమ్‌కి ఎఫ్ఐఆర్ అడిగారు. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే వచ్చే నంబరు సరిపోతుందనుకున్నాను, సరిపోలేదు. స్టేషన్‌కి మూడుసార్లు తిరిగాక కట్టారు. ఐటీ చట్టం 66సి సెక్షన్. ఒకరి గుర్తింపు వాడుకుని మోసం చేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని ఎస్సైగారు చదివి వినిపించారు. వినడానికి బాగానే ఉంది, ముందు వాడు దొరకాలి కదా.

మన అప్పుల చరిత్ర రాసి ఉంచే క్రెడిట్ కంపెనీ సిబిల్. అందులో 'ఇది తప్పు' అని డిస్ప్యూట్ పెట్టడం ఆన్‌లైన్‌లోనే, ఉచితం. అప్పిచ్చిన కంపెనీలకి విడిగా రాయాల్సి వచ్చింది. ఆ ఫిర్యాదుల్లో నా నంబరు ఇచ్చాను. అంతే, అప్పటిదాకా నన్నెరగని రికవరీ వాళ్లకి నేను దొరికాను. ఏడో తరగతి పీరియడ్‌లో ఉండగా ఒకడు స్కూలు ల్యాండ్‌లైన్‌కి చేసి, "మీ మేడమ్ డబ్బులు ఎగ్గొట్టింది" అని ఆఫీసు గుమస్తాకి చెప్పాడు. రాత్రి తొమ్మిదిన్నరకి ఇంకొకడు. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత రికవరీ ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉందని నాకు తర్వాత తెలిసింది. మళ్లీ చేసినప్పుడు ఆ నిబంధన చదివి వినిపిస్తే ఫోన్ పెట్టేశాడు. అదొక్కటే ఆ నెలలో నాకు దొరికిన సంతోషం.

అప్పిచ్చిన మొదటి కంపెనీ 26 రోజుల్లో సిబిల్‌లో ఆ ఎంట్రీ తీసేసింది. రెండోది 49 రోజులు లాగింది. 2024 ఏప్రిల్ 26 నుంచి వచ్చిన రూలు ప్రకారం ఫిర్యాదు పెట్టి 30 రోజులు దాటితే రోజుకి 100 చొప్పున మనకివ్వాలి. 19 రోజులకి 1,900 అడిగాను, రెండు మెయిల్స్ తర్వాత వేశారు. దీనికి ఏ ప్రీమియమూ అక్కర్లేదు, గమనించండి.

క్లెయిమ్ లెక్క ఇది. లాయరు నోటీసులు రెండు, ఒక్కోటి 2,500. మొదటిది ఇన్సూరెన్స్ కంపెనీ ముందస్తు అనుమతి లేకుండా పంపానని కొట్టేశారు, రెండోదానికి ఇచ్చారు. అఫిడవిట్, నోటరీ 600 పూర్తిగా వచ్చింది. జిరాక్స్, రిజిస్టర్ పోస్టు 870 అయితే 640 ఇచ్చారు. జిరాక్స్ షాపాయన నన్ను చూసి "ఏటి మేడమ్, రోజూ ఆధారే తీయిస్తన్నారు" అని నవ్వేవాడు. బిల్లు అడిగితే మాత్రం కాగితం ముక్క మీద అంకె వేసిచ్చేవాడు. ఆ ముక్కలే చెల్లలేదు. సెలవు పెట్టిన నాలుగు రోజుల జీతం 3,400 మొత్తం ఇచ్చారు, ప్రిన్సిపాల్ సంతకంతో లెటరు పెట్టాక.

ప్రయాణంలో మునిగాను. అప్పిచ్చిన రెండో కంపెనీ బ్రాంచి విశాఖలో, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి మూడుసార్లు వెళ్లొచ్చాను. టికెట్లన్నీ పర్సులో జిప్పు అరలో జాగ్రత్తగా దాచాను. ఆగస్టులో తీసి చూస్తే తెల్ల కాగితాలు! మిషను టికెట్ల అచ్చు వెలిసిపోయింది. కిటికీ వెలుగులో అడ్డంగా పెట్టి చూస్తే 'విజయ' అన్న అక్షరాల నీడ ఒకదాని మీద కనిపించింది, మిగతావాటి మీద అదీ లేదు. ఆటోలకి ఎలాగూ రసీదుండదు. 2,140 అడిగితే 780 వచ్చింది.

మొత్తం 12,010 అడిగాను, 7,920 ఇచ్చారు. నాలుగు నెలలు పట్టింది. ఆ కొట్టేసిన నోటీసు 2,500 కోసం ఇన్సూరెన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ విభాగానికి రాశాను, కుదరదన్నారు. ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ హైదరాబాద్‌లో ఉన్నారు. మన రాష్ట్రం వాళ్ల కిందకే వస్తుంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అయినా ఓపిక లేక వదిలేశాను. అనుమతి తీసుకోవాలన్న షరతు పాలసీలో ఉన్న మాట నిజం, చదవకపోవడం నా తప్పు.

ఇప్పటికి నాలుగుసార్లు కట్టాను, 3,536. డబ్బు లెక్కన నాకు లాభమే. కానీ నాకు పనికొచ్చినవన్నీ పాలసీలోంచి వచ్చినవే కావు. ఏటా ఒక్కో క్రెడిట్ కంపెనీ ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తుంది. మన దేశంలో అవి నాలుగు కాబట్టి మూడు నెలలకొకటి చొప్పున చూస్తున్నాను. ముందే ఆ అలవాటుంటే లోన్లు ఓవర్‌డ్యూ దాకా పోయేవి కావు. ఆధార్ కాపీ ఎక్కడిచ్చినా దేనికిస్తున్నానో, తేదీ అడ్డంగా రాసి సంతకం చేస్తున్నాను. బొబ్బిలిలో ఉన్న అమ్మని నా పాలసీలో కలపడానికి కుదరదన్నారు, నా పాలసీ కుటుంబంలో భార్యాభర్తలు, పిల్లలే. అందుకని ఆధార్ యాప్‌లో ఆమె వేలిముద్రలు లాక్ చేశాను. ఆ మాట ఆమెకి చెప్పడం మర్చిపోయాను. మొన్న రేషన్ డిపోలో వేలు పడక, వెనక క్యూ అంతా వింటుండగా నాకు ఫోన్ చేసి తిట్టింది.

ఎవరైనా తీసుకుంటానంటే వద్దనను. మొత్తం కవరు కాదు, ఐడెంటిటీ థెఫ్ట్ కింద ఎంతో అడగండి. జీతం కోతకి ఇస్తారా, లాయరుకి ముందే అనుమతి కావాలా, ఇవి రెండూ మెయిల్‌లో రాయించుకోండి.

కేసు ఇంకా నడుస్తోంది. సమన్లు వస్తే కోర్టుకి వెళ్లే ఖర్చు కూడా అడగొచ్చన్నారు. ఈసారి బస్సులో సీటు దొరకడానికి ముందే టికెట్‌ని ఫోటో తీస్తాను.