లేన్ వన్-క్యూ పైపు పొగాకు: వాసనకో మార్కు, రుచికో మార్కు

జాడీ మూత తీయగానే గుప్పుమనే వాసన చూసి ఈ పొగాకుకు మార్కులు వేసేవాళ్లే ఎక్కువ. వెనీలా, కాస్త మాడిన పంచదార, అడుగున ఎండుగడ్డి. బేకరీ ముందు నిలబడ్డట్టే ఉంటుంది. తీరా పైపులో వేసి వెలిగిస్తే అందులో మూడో వంతు కూడా నోటికి అందదు. ఇంతేనా అని పక్కన పడేస్తారు. సువాసన పొగాకులన్నిటి తీరూ ఇదే. వాసన గదిలో ఉన్నవాళ్లకు, రుచి కాల్చేవాళ్లకు. మూడేళ్లుగా వారానికి రెండు మూడు బౌళ్ల (బౌల్ అంటే పైపులో పొగాకు కూరే గిన్నె) చొప్పున కాల్చాక నాకనిపించేది, ఈ రెంటినీ వేర్వేరు తక్కెళ్లలో తూచాలని.

ఇది అమెరికా సరుకు. తయారుచేసే లేన్ లిమిటెడ్ 2011 నుంచి స్కాండినేవియన్ టొబాకో గ్రూపు చేతిలో ఉంది. ఎక్కువగా లూజుగానే దొరుకుతుంది. దుకాణంలో గాజు జాడీలోంచి తూచి ఔన్సుల లెక్కన ఇస్తారు. ఔన్సు, అంటే 28 గ్రాములు, మామూలు పైపుకు పది పన్నెండు బౌళ్లు వస్తుంది. అక్కడి దుకాణాల్లో సొంత పేరు రాసి అమ్మే వెనీలా జాడీల్లో చాలావాటికి మూలం ఇదే, కాబట్టి పేరు తెలియకుండానే దీన్ని కాల్చినవాళ్లు బోలెడుమంది.

ఇందులో ఉన్నవి రెండే: పసుపు వర్జీనియా, నల్ల కావెండిష్. వర్జీనియా సంగతి ప్రకాశం, గుంటూరు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. బ్యారన్‌లో (ఆకును ఆరబెట్టే కొట్టంలో) వేడి గొట్టాల మీద క్యూరింగ్ అయ్యేటప్పుడు ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారి అక్కడే నిలిచిపోతుంది. ఆ తీపి ఆకుదే. కావెండిష్ మాత్రం ఆకు రకం పేరు కాదు, తయారీ పద్ధతి పేరు. ఆకును తీపినీళ్లతో తడిపి, ఆవిరి పట్టి, అదిమి ఉంచితే నల్లబడుతుంది, ఘాటు చస్తుంది. పొగ మెత్తగా, దట్టంగా వస్తుంది కానీ సొంత రుచి పెద్దగా మిగలదు. ఆ ఖాళీని వెనీలాతో నింపుతారు. చివర్లో పైన చల్లే ఈ పరిమళానికి టాపింగ్ అని పేరు. వేడి తగలగానే ముందుగా ఎగిరిపోయేది కూడా అదే. కిందివన్నీ ఆ ఎగిరిపోవడాన్ని ఆలస్యం చేసే తిప్పలే.

మొదటి తిప్పలు తడితో. జాడీలోంచి తీసింది తీసినట్టు కూరితే పని చెడినట్టే. చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కి వదలండి. ఉండలాగే ఉండిపోతే ఇంకా ఆరాలి. మెల్లగా విచ్చుకుని పీచులు విడిపోతే సిద్ధం. ఒక బౌల్‌కు సరిపడా రెండున్నర గ్రాములు కాగితం మీద పలచగా పరిస్తే హీటర్ నడిచే గదిలో ముప్పావుగంట చాలు. వానాకాలంలో, సముద్రం పక్క ఊళ్లో అయితే ఫ్యాన్ కింద రెండు గంటలు పడుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ తరహా పొగాకుల్లో చెమ్మ నిలవడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. దానివల్ల నీరు పోయాక కూడా వేలికి కాస్త జిగురుగానే తగులుతుంది. కరకరలాడేదాకా ఆగితే వెనీలా సగం గాల్లో కలుస్తుంది, మిగిలింది గడ్డిలా భగ్గున మండుతుంది. జిగురున్నా పీచు విడిపోతే చాలు, మొదలుపెట్టండి.

నింపడం మూడు విడతలు. మొదట బౌల్ నిండా ఊరికే రాల్చి, పక్కన వేలితో తట్టండి, నొక్కొద్దు. రెండోసారి నింపి తేలిగ్గా, మూడోసారి ఇంకాస్త బలంగా అదమండి. వెలిగించకముందే ఒకసారి పీల్చి చూడండి. స్ట్రాతో నీళ్లు తాగినంత సులువుగా గాలి రావాలి. చిక్కటి మజ్జిగ పీల్చినంత బరువుగా ఉంటే మొహమాటపడకుండా తీసేసి మళ్లీ నింపడమే. సన్నటి రిబ్బన్ కోత గనక వేడికి ఉబ్బుతుంది, మొదట్లో బిగువైతే తర్వాత ఇంకా బిగుస్తుంది.

అగ్గిపుల్ల తల పూర్తిగా కాలి, గంధకం వాసన పోయాక మంటను బౌల్ మీద గుండ్రంగా తిప్పుతూ మూడు నాలుగు సార్లు పీల్చండి. పైపొర కాలి పైకి లేస్తుంది. దాన్ని ట్యాంపర్ (పొగాకును అదిమే చిన్న కడ్డీ) బరువుతోనే సమంగా పరిచి, రెండోసారి వెలిగించండి. అసలు కాల్చడం అప్పుడే మొదలు.

తొలి పది నిమిషాలు వెనీలావి, అదీ నెమ్మదిగా పీల్చినవాళ్లకే. అర నిమిషానికి ఒక చిన్న పీల్పు చాలు. నాలుకకు తీపి, చేదు లాంటివే తెలుస్తాయి, వెనీలా ముక్కు పని. ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకుండా, నోట్లోని పొగలో కొంచెం ముక్కుగుండా వదిలి చూడండి. అప్పటిదాకా ఉత్త వెచ్చని గాలిలా ఉన్నదానికి ఒక్కసారిగా రుచి వస్తుంది. ఇది తెలియకే దీన్ని చప్పిడి పొగాకని తీసిపారేస్తారు. బౌల్ మధ్యకొచ్చేసరికి టాపింగ్ తగ్గి, వర్జీనియా బయటపడుతుంది. రొట్టె అంచు కాలిన రుచి, ఎండుగడ్డి, సన్నటి తీపి. నాకు ఈ మధ్య భాగమే ఇష్టం, వెనీలా కోసం కొనేవాళ్లు దీన్ని పట్టించుకోరు. ఆఖరి మూడో వంతులో చెప్పుకోదగ్గదేమీ లేదు. చెమ్మ అడుగుకు దిగి, పొగ పలచబడి, చేదు మొదలవుతుంది. అక్కడ డబ్బు లెక్క చూసుకోకుండా పారబోయండి.

నికోటిన్ తక్కువ. లంక చుట్టకు అలవాటైన నోటికి ఇది పాయసం. తలతిరగదన్న ధైర్యంతో వరసగా మూడు బౌళ్లు లాగేస్తే నాలుక మాత్రం చురుక్కుమంటుంది. పొగ మింగకపోయినా పైపు వల్ల నోటి క్యాన్సర్ ముప్పు ఉంటుంది. తేలికపాటిది అన్న మాట రుచికి చెప్పింది, ఆరోగ్యానికి కాదు.

ఆ నాలుక మంటకు సగం కారణం తొందర. తడి పొగాకును మంట ఆరిపోతుందేమోనని గబగబా పీలిస్తే వచ్చేది సగం ఆవిరే. బౌల్‌ను చెంపకు ఆనించి చూడండి, ఆనించలేనంత వేడెక్కితే కింద పెట్టేయండి. ఆరిపోతే మళ్లీ వెలిగించుకోవచ్చు, ఒక బౌల్‌కు మూడు నాలుగు సార్లు ఆరడం తప్పేమీ కాదు. హుక్కాలా గుడగుడ వినిపిస్తే స్టెమ్‌లోంచి (నోట్లో పెట్టుకునే గొట్టంలోంచి) పైపు క్లీనర్, అంటే నూలు చుట్టిన తీగ, అడుగుదాకా దూర్చి, క్షణం ఆగి లాగండి. ముదురు గోధుమరంగు నీరు పట్టుకొస్తుంది. వేడిగా ఉండగా స్టెమ్ ఊడదీయొద్దు, ఆ కీలు వదులైతే మళ్లీ సులువుగా బిగువుకు రాదు.

పైపు విషయానికొస్తే ఖరీదైన బ్రయర్ (ఒక పొద వేరు చెక్కతో చేసే పైపు) దీనికి దండగ. మొక్కజొన్న కంకి పైపు చక్కగా సరిపోతుంది. మిస్సోరి రాష్ట్రంలోని వాషింగ్టన్ ఊళ్లో మిస్సోరి మీర్‌షామ్ కంపెనీ 1869 నుంచి వీటిని చేస్తోంది. కంకి చెమ్మను పీల్చేసుకుంటుంది, చవక, పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. బ్రయర్ వాడితే ప్రతిసారీ బౌల్ చల్లారాక మడిచిన టిష్యూతో లోపల తిప్పి తుడవండి. సువాసన పొగాకు మసి మెత్తగా, బంకగా పేరుకుంటుంది, వదిలేస్తే పులిసిన వాసన వేస్తుంది.

నిల్వకు రబ్బరు అంచు మూతున్న గాజు సీసానే మంచిది. జిప్ కవర్‌లో పెడితే వెనీలా బయటికి పాకి, పక్కనున్న పొగాకులన్నిటికీ అంటుతుంది. ఏళ్ల తరబడి దాచి లాభం లేదు. ఉత్త వర్జీనియా పాతబడేకొద్దీ పండుతుంది, ఇది పాతబడితే టాపింగ్ చప్పబడుతుంది. ఆరు నెలలకు సరిపడా కొనుక్కుంటే చాలు.

గదిలో వదిలే వాసనకు పదికి తొమ్మిది, రుచికి ఆరు. ఆరబెట్టకుండా కాలిస్తే ఆ ఆరు కాస్తా మూడవుతుంది. దీనికి వాడిన పైపును దీనికే ఉంచేయండి. అందులో మామూలు వర్జీనియా వేశారంటే నాలుగైదు బౌళ్ల దాకా వెనీలా దెయ్యంలా పట్టుకుని వదలదు.