ఏసీఆర్: రాయించుకున్నాను, రాశాను కూడా

లెఫ్టినెంట్‌గా చేరిన నాటి నుంచి కల్నల్‌గా రిటైరయ్యే దాకా ఏటా ఆర్మీలో నా జాతకం తేల్చింది ఏసీఆరే, అంటే పై ఆఫీసర్లు మన పనితీరు మీద రాసే వార్షిక రహస్య నివేదిక. తర్వాత నా కింది కుర్రాళ్లకు నేనూ రాశాను. రెండు వైపులా వాడి చూశాక నా అభిప్రాయం ఇది: ఒళ్లు దాచుకోకుండా పనిచేసేవాణ్ని ఈ ఫారం పట్టుకుంటుంది, నాయకుణ్ని పట్టుకోలేదు.

ఆఫీసరు మీద మొదట రాసేది ఐఓ (ఇనీషియేటింగ్ ఆఫీసర్), ఆపైన ఆర్‌ఓ (రివ్యూయింగ్ ఆఫీసర్), ఎస్‌ఆర్‌ఓ (సీనియర్ రివ్యూయింగ్ ఆఫీసర్). ఒక్కో గుణానికి 1 నుంచి 9 దాకా అంకె (9 అన్నిటికంటే మేలు), చివర మొత్తం మీద ఇచ్చే అంకె అంటే బాక్స్ గ్రేడింగ్, మనిషి గురించి నాలుగు ముక్కల్లో రాసే పెన్ పిక్చర్. రూల్ ప్రకారం 7 అంటే అబవ్ యావరేజ్. మెస్‌లో లెక్క వేరు, 7 పడిందంటే ఆ కుర్రాడికి ఆ రాత్రి నిద్ర ఉండదు. పైకి వెళ్లేకొద్దీ ఖాళీలు అంత తక్కువ మరి. అందుకే చాలామంది ఐఓలు ధారాళంగా వేసేస్తారు. మెరికలాంటివాడూ, ఫర్వాలేదనిపించేవాడూ ఒకే అంకె దగ్గర తేలతారు.

ఐఓ తన అంకెలూ, పెన్ పిక్చరూ మనకు చూపించి సంతకం తీసుకోవడం మాత్రం నాకు నచ్చింది. పై ర్యాంకుకు పనికొస్తామా లేదా అన్న భాగం చూపించరు. మనకు కావలసింది అదే!

నాకు తెలిసిన ఒక మేజర్ ఉండేవాడు. జనరల్ సాబ్ వస్తున్నారంటే రాళ్లకు చూనా-గేరూ (సున్నం, ఎర్రమట్టి రంగు) కొట్టించడంలో అతన్ని మించినవాడు లేడు. కాగితం మీద అన్నీ 9లే. అతని కంపెనీలో జవాన్లకు సెలవు అడగాలంటే భయం. ఆ సంగతి జవాన్లలోంచి ఎదిగిన సుబేదార్ సాబ్‌కి తెలుసు, లంగర్‌లో (జవాన్ల వంటశాలలో) రొట్టెలు కాల్చేవాడికీ తెలుసు. వాళ్లను అడిగే గడి ఫారంలో లేదు.

నాయకత్వం మీద పరిశోధించినవాళ్లు మొత్తుకునేది దీని గురించే. పైవాడికి ఫలితం కనిపిస్తుంది, అది ఎలా రాబట్టాడో కిందవాళ్లకే తెలుస్తుంది. అమెరికా ఆర్మీ 2020లో బెటాలియన్ కమాండ్‌కి పోటీపడే లెఫ్టినెంట్ కల్నళ్లను ఫోర్ట్ నాక్స్‌కి పిలిచి పరీక్షించడం మొదలుపెట్టింది. తోటివాళ్ల, కింద పనిచేసినవాళ్ల అభిప్రాయాలు తీసుకున్నారు, సైకాలజిస్టుతో మాట్లాడించారు, ఇంటర్వ్యూలో మొహం కనబడకుండా ప్యానెల్‌కి అడ్డంగా తెర కట్టారు.

మన దగ్గర విచిత్రం చూడండి. చేరేటప్పుడు ఎస్‌ఎస్‌బీలో (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డులో) సైకాలజిస్టు, గ్రూపు పరీక్షలు పెట్టే జీటీఓ, ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు ముగ్గురూ రోజుల తరబడి మనిషినే చూస్తారు. కల్నల్ కావడానికి నంబర్ 3 సెలెక్షన్ బోర్డు ముందుకు వెళ్లేది మాత్రం ఏసీఆర్‌ల ఫైలే. ఆ ఫైలు ఎంత నమ్మదగిందో 2021లో నితీషా కేసు తీర్పులో బయటపడింది. పర్మనెంట్ కమిషన్ (రిటైర్మెంట్ దాకా కొనసాగే సర్వీసు) ఎలాగూ రాదనుకుని మహిళా ఆఫీసర్ల ఏసీఆర్‌లు ఆషామాషీగా రాశారని సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

కొత్తగా ఐఓ అయినవాళ్లకు ఒక్క మాట. పెన్ పిక్చర్‌లో 'నిజాయతీపరుడు, కష్టజీవి' అని రాయకండి, అందరికీ అదే ఉంటుంది. ఎక్కడ, ఏ ఇబ్బందిలో ఏం చేశాడో ఒక్క సంఘటన రాయండి. రాసే ముందు సుబేదార్ మేజర్ సాబ్‌తో ఒకసారి కూర్చుని టీ తాగండి, దానికి ఏ రూలూ అడ్డు రాదు.