అమెరికాలో అమ్మానాన్నల ఆరు నెలలు: ఎక్స్‌టెన్షన్ మేలా, వెళ్లి మళ్లీ రావడం మేలా?

కూతురి కాన్పుకని వచ్చిన అమ్మకి ఐదో నెల నడుస్తోందంటే చాలు, డల్లాస్ అయినా న్యూజెర్సీ అయినా ఆ ఇంట్లో ఒకటే చర్చ. ఇంకో ఆరు నెలలు ఉంచేద్దామా, పంపించి మళ్లీ పిలిపిద్దామా? తెలిసినవాళ్లని అడిగితే తలా ఒక మాట చెప్తారు. "అప్లై చేసి పడెయ్, వాళ్లు జవాబిచ్చేలోపు ఆరు నెలలు గడిచిపోతాయి" అని ఒకరు, "అస్సలు వద్దు, వచ్చేసారి వీసా ఇవ్వరు" అని ఇంకొకరు, "మెక్సికో వెళ్లి రండి, కొత్తగా ఆరు నెలలు వేస్తారు" అని మూడో ఆయన. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఉండాల్సిన కారణానికి ఒక ఆఖరి తేదీ ఉంటే ఎక్స్‌టెన్షన్ (ఉండే గడువు పొడిగింపు) పెట్టండి, లేకపోతే తిరుగు టికెట్ కొనండి. మనవణ్ణి చూసుకోవడానికి ఆఖరి తేదీ ఏముంటుంది, అందుకే చాలా ఇళ్లకి ఎక్స్‌టెన్షన్ సరిపడదు అంటున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. పాస్‌పోర్ట్‌లో పదేళ్ల బీ1/బీ2 (విజిటర్) వీసా ఉంది కదా, ఇంకేం భయం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ వేసిన ఆ స్టాంపు అమెరికా గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టడానికి మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఎయిర్‌పోర్ట్‌లో సీబీపీ (సరిహద్దు తనిఖీ శాఖ) ఆఫీసర్ ఇచ్చే ఐ-94 అనే రికార్డు. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు, కానీ అందరికీ ఇస్తారని లేదు, అందుకే దిగిన వారంలోనే సీబీపీ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్ట్ నంబరు కొట్టి తేదీ చూసుకోండి. తప్పు పడితే సీబీపీ వాళ్ల డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి వెళ్లి సరిచేయించుకోవచ్చు. ఇక ఆ తేదీని పొడిగించాలంటే అడగాల్సింది మూడో ఆఫీసుని, ఇమిగ్రేషన్ అప్లికేషన్లు చూసే యూఎస్‌సీఐఎస్‌ని. మన ఎంబసీ నుంచి ఒక లెటర్ తెచ్చుకుంటే పని సులువవుతుందేమో అని అడుగుతుంటారు కొందరు. కొన్ని దేశాల్లో ఎంబసీ లెటర్‌కి విలువుంటుంది, ఇక్కడ మాత్రం ఇండియన్ కాన్సులేట్ ఎంత మంచి లెటర్ రాసిచ్చినా ఐ-94 ఒక్క రోజు కూడా జరగదు. కాన్సులేట్‌తో మీకు పని పడేది పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి, పెన్షన్ వచ్చేవాళ్లైతే లైఫ్ సర్టిఫికెట్‌కి. ఈ రెండో దాని సంగతి మళ్లీ చెప్తాను, చాలామంది మర్చిపోయేది అదే.

ఎక్స్‌టెన్షన్ ఫారం పేరు ఐ-539. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో పెడితే 420 డాలర్లు, కాగితం మీద పంపితే 470. వేలిముద్రలకి విడిగా కట్టే ఫీజు 2023 అక్టోబర్‌లోనే తీసేశారు. అమ్మానాన్న ఇద్దరూ ఉంటే ఒకరు ఐ-539 వేసి రెండోవారిని ఐ-539ఏ అనే అనుబంధంలో చేర్చుకోవచ్చు, ఫీజు ఒక్కటే. డబ్బు లెక్కే చూసుకుంటే రెండు టికెట్ల ముందు ఇది ఏ మూలకీ రాదు, జనం ఇటు మొగ్గేది కూడా అందుకే. గడువుకి కనీసం 45 రోజుల ముందు పెట్టమని యూఎస్‌సీఐఎస్ చెప్తుంది. సంతకం మరిచిపోయో ఫీజు తప్పు కట్టో ఫారం వెనక్కి వస్తే మళ్లీ పంపడానికి టైమ్ ఉండాలి కదా, ఆఖరి వారం దాకా ఆగకండి.

ఫారం కన్నా దాంతో పెట్టే లెటర్ ముఖ్యం. ఎందుకు ఉండాలనుకుంటున్నారు, ఏ తేదీకి వెళ్లిపోతారు, అప్పటిదాకా ఖర్చు ఎవరు భరిస్తారు, ఇండియాలో వెనక్కి లాగేది ఏముంది, ఈ నాలుగింటికీ జవాబు కనిపించాలి. కాన్పు తర్వాత అమ్మాయికి ఆరోగ్యం కుదుటపడలేదు, ఫలానా నెల దాకా తోడు కావాలి అని డాక్టర్ కాగితం ఉంటే అది గట్టి కారణం. నాన్నకి ఇక్కడ గుండె ఆపరేషన్ జరిగి విమానం ఎక్కొద్దన్నారంటే ఇంకా గట్టిది. చిన్నవాడి గ్రాడ్యుయేషన్ మే నెలలో ఉంది, చూసి వెళ్తాం అన్నా ఫర్వాలేదు. డేకేర్ ఖర్చు ఎక్కువగా ఉంది కాబట్టి అమ్మ ఉండాలి అనేది మాత్రం కారణం కాదు, పైగా టూరిస్ట్ వీసా మీద వచ్చినావిడ ఆయా పని చేస్తోందా అనే అనుమానం తెచ్చిపెడుతుంది. అలాగని అబద్ధం రాయమని కాదు. నిజంగా ఉన్న కారణం అదొక్కటే అయితే అప్లికేషన్ పెట్టకపోవడమే మంచిది.

అసలు చిక్కు అప్లికేషన్ పెట్టాక మొదలవుతుంది. గడువు లోపల సరిగ్గా పెట్టుకుంటే జవాబు వచ్చేదాకా ఉండటం అక్రమం కాదు, ఆ రోజులు అన్‌లాఫుల్ ప్రెజెన్స్ (అక్రమంగా ఉన్న రోజులు) కింద లెక్కకి రావు. డబ్బు కట్టి త్వరగా తేల్చుకుందామంటే ఈ రకం ఎక్స్‌టెన్షన్‌కి ప్రీమియం ప్రాసెసింగ్ లేదు. జవాబుకి నెలలు పడుతుంది కాబట్టి "పెండింగ్‌లో ఉందిగా" అని జనం ధీమాగా ఉంటారు. ఆ ధీమా మీద ఎంతకాలం కూర్చోవచ్చో మాత్రం ఎవరూ ఆలోచించరు. పెండింగ్ అంటే పర్మిషన్ ఇచ్చారని కాదు. కాదు అని జవాబు వస్తే ఆ మర్నాటి నుంచే అక్రమంగా ఉన్న రోజుల లెక్క మొదలు, అప్పటికి ఐ-94 తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, పదేళ్ల వీసా కూడా చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. ఆ లెక్క 180 రోజులు దాటాక వెళ్తే మూడేళ్లు, ఏడాది నిండితే పదేళ్లు అమెరికా మొహం చూడలేరు. అందుకని ఎక్స్‌టెన్షన్ పెట్టినవాళ్లు ఒక్కటి గట్టిగా పాటించాలి: ఫారంలో ఏ తేదీ దాకా అడిగారో ఆ తేదీకి జవాబు వచ్చినా రాకపోయినా విమానం ఎక్కేయాలి. మీరు వెళ్లిపోతే అప్లికేషన్ వదిలేసుకున్నట్టు, అంతే, దానివల్ల నష్టం లేదు. రసీదు నోటీసు, బోర్డింగ్ పాస్ దాచుకోండి, తర్వాతి ఇంటర్వ్యూలో "పోయినసారి పది నెలలు ఉన్నారేం" అని అడిగితే చూపించడానికి అవే ఆధారం.

ఫీజు 420 డాలర్లే అనుకుంటాం గానీ అదొక్కటే ఖర్చు కాదు. ఆరు నెలలకని తెచ్చుకున్న బీపీ, షుగర్ మాత్రలు అయిపోతాయి, ఇండియా ప్రిస్క్రిప్షన్‌తో ఇక్కడి ఫార్మసీలో ఇవ్వరు, కొత్తగా డాక్టర్‌కి చూపించి రాయించుకోవాలి. విజిటర్ ఇన్సూరెన్స్ పొడిగించాలి, అరవై దాటినవాళ్లకి ప్రీమియం ఎక్కువ, ముందునుంచీ ఉన్న జబ్బులకి అది ఇచ్చే కవరేజీ అంతంతమాత్రం. ఇంకోటి, దీన్ని చెప్పేవాళ్లు తక్కువ: ఒకే క్యాలెండర్ సంవత్సరంలో 183 రోజులు ఇక్కడ ఉంటే అమెరికా పన్ను లెక్కలో రెసిడెంట్ అయిపోవచ్చు, అంటే నాన్న పెన్షన్, ఊళ్లో ఇంటి అద్దె, ఎఫ్‌డీ వడ్డీ అన్నీ ఇక్కడ చూపించాలా అనే ప్రశ్న వస్తుంది. రెండు దేశాల ఒప్పందంలో బయటపడే దారి ఉంది, కానీ అది కూడా ఫారాలు నింపి తెచ్చుకోవాల్సిందే. సెప్టెంబర్‌లో వచ్చి మరుసటి ఆగస్టు దాకా ఉండేవాళ్లు రెండో ఏడాదిలో ఈ గీత సులభంగా దాటేస్తారు.

పెన్షన్ మాట వచ్చింది కాబట్టి, కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, రాష్ట్ర పెన్షనర్లకీ వాళ్ల గడువు వాళ్లకుంటుంది. ఆరు నెలలే ఉంటే ముందో వెనకో ఊళ్లో ఇచ్చేసుకోవచ్చు, ఏడాది దగ్గర ఉంటే అది దాదాపు ఇక్కడి రోజుల్లోనే పడుతుంది. అప్పుడు ఇండియన్ కాన్సులేట్ ఇచ్చే సర్టిఫికెట్ పనికొస్తుంది. ఎంబసీ కాగితానికి నిజంగా విలువున్న చోటు ఇదే, చూసుకోకపోతే పెన్షన్ ఆగుతుంది.

ఇక రెండో దారి, గడువులోపల వెళ్లి మళ్లీ రావడం. ఖర్చు ఎక్కువ, అరవై ఐదేళ్ల మోకాళ్లతో హైదరాబాద్ నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో ఒక రోజంతా ప్రయాణం, అదీ ఇంగ్లిష్ అంతగా రాని అమ్మ ఒక్కతే అయితే వీల్‌చెయిర్ అసిస్టెన్స్ పెట్టుకుని, ఫోన్లలో మనం టెన్షన్ పడుతూ. అయినా రికార్డ్ శుభ్రంగా ఉంటుంది. ఏ నిర్ణయం కోసమూ ఎదురుచూడక్కర్లేదు, తేదీ చేతిలో ఉంటుంది, ఈలోపు పొలం కౌలు, ఇంటి పన్ను, కంటి పరీక్ష లాంటి పనులన్నీ అయిపోతాయి.

ఎన్నాళ్ల తర్వాత తిరిగి రావచ్చు? రాసిపెట్టిన రూల్ ఏదీ లేదు. ఇక్కడ ఉన్నన్ని నెలలైనా అక్కడ ఉండి రావాలని జనం చెప్పుకునేది చట్టం కాదు గానీ మంచి సలహానే. ఆరు నెలలు ఉండి, నెలన్నర తిరక్కుండానే మళ్లీ వస్తే ఆఫీసర్‌కి కనిపించేది చుట్టపుచూపుగా వచ్చిన మనిషి కాదు, ఇక్కడే కాపురం ఉంటూ ఇండియాకి వెళ్లొస్తున్న మనిషి. అప్పుడు ప్రశ్నలు గట్టిగా ఉంటాయి, ఆరు నెలలకి బదులు తక్కువ ఇవ్వొచ్చు, వెనక్కి పంపే అధికారం కూడా ఆయనకుంది. ఒక చిన్న వెసులుబాటు: అబుదాబి మీదుగా ఎతిహాద్‌లో వస్తే ఈ అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. ఏదైనా తేడా జరిగినా సగం దారిలోనే తెలుస్తుంది, ఇక్కడ దిగాక క్యూలో నిలబడే పనీ ఉండదు. అమ్మ ఒంటరిగా వస్తుంటే నేనైతే ఈ దారే చూస్తాను.

మెక్సికో సలహా మాటకొస్తే, అమెరికా వీసా ఉన్న భారతీయులకి మెక్సికో వీసా అక్కర్లేదు అన్నంత వరకు నిజం. కాన్‌కూన్ బీచ్ కూడా బాగుంటుంది, వెళ్లండి. కానీ మెక్సికోకో కెనడాకో 30 రోజుల లోపు వెళ్లొస్తే పాత ఐ-94 మీదే లోపలికి పంపొచ్చు, కొత్తగా ఆరు నెలలు ఇవ్వాలని ఎక్కడా లేదు. గడువు ఇంకో వారంలో ఉందనగా సరిహద్దు దాటి తిరిగొచ్చినవాళ్ల ఉద్దేశం ఆఫీసర్‌కి విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ దారిని లెక్కలోంచి తీసేయండి.

నా ఓటు మాత్రం వేరే దానికి. పాపని చూసుకోవడమే అసలు అవసరమైతే వంతులు వేసుకోండి: మొదటి ఆరు నెలలు అమ్మానాన్న, వాళ్లు వెళ్లే వారంలో అత్తయ్యగారు, మావయ్యగారు దిగుతారు. అలా వంతులేసుకుని ఏడాది గట్టెక్కిన ఇళ్లు చాలానే ఉన్నాయి. ఒక్క ఫారం ఉండదు, ఏ తేదీ దాటదు, పదకొండు నెలలు నాలుగు గోడల మధ్య కూర్చుని "ఇక్కడ పలకరించే దిక్కు లేదు" అని అమ్మ బెంగపెట్టుకోదు. చిక్కేంటంటే వియ్యపురాలి వంట పద్ధతి, స్నానం చేయించే పద్ధతి వేరు, రెండో జట్టు వచ్చాక పాపకీ అమ్మాయికీ కొన్ని వారాలు సర్దుబాటు తప్పదు. అవతలివాళ్ల ఆరోగ్యం బాగోకనో, ఉద్యోగంలో ఉండో, వీసా రాకో ఈ దారి మూసుకుపోయిన ఇళ్లూ ఉన్నాయి. అలాంటప్పుడు ఆరు నెలల ఎక్స్‌టెన్షన్ కన్నా రెండున్నర నెలలు అడగడం నయం. డేకేర్‌లో సీటు ఫలానా తేదీకి ఖాయమైంది, అప్పటిదాకా తల్లీబిడ్డలకి తోడుగా ఉంటాం, ఇదిగో తిరుగు టికెట్ అని రాస్తే ఆఖరి తేదీ ఉన్న కారణం అవుతుంది. తక్కువ అడిగితే ఎక్కువ నమ్ముతారు అని నేను హామీ ఇవ్వలేను గానీ, ఇక్కడికి వచ్చిన రోజు నుంచి మొత్తం ఏడాది దగ్గరకి లాగిన కేసు కన్నా తొమ్మిది నెలల లోపు తేల్చిన కేసు తర్వాతి వీసా ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి తేలిక. ఆ ఇంటర్వ్యూ కూడా ఇప్పుడు తప్పించుకోవడం కష్టమే, 2025 సెప్టెంబర్ నుంచి డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా వీసా రెన్యువల్) బాగా తగ్గించేశారు, పాత వీసా గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ ఆఫీసర్ ముందు నిలబడాల్సిందే.

ఇక్కడున్న కూతురికో కొడుకుకో అమెరికా సిటిజన్‌షిప్ ఉంటే ఈ లెక్కే వేరు, తల్లిదండ్రులకి గ్రీన్‌కార్డ్ వేయొచ్చు. కాకపోతే అమ్మానాన్నల్ని ముందు అడగండి, చాలామంది పెద్దవాళ్లకి అది అక్కర్లేదు. గ్రీన్‌కార్డ్ ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం "తాత్కాలికంగా ఉండి వెళ్తాం" అని ఐ-539లో సంతకం పెట్టే ముందు లాయర్‌తో ఒక గంట మాట్లాడుకోండి. ఆ రెండు కాగితాలూ ఒకదానికొకటి అడ్డం తిరక్కుండా చూసుకోవాలి.