ఫొటోని చేత్తో గీసిన బొమ్మలా మార్చాలంటే: ఫిల్టరా, పెన్నా, ఏఐనా?

చెన్నైలో మన తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఏ ఫంక్షన్ జరిగినా ఒక కార్టూన్ బొమ్మ కావాలంటున్నారు. పాప మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీకో, గృహప్రవేశం కార్డుకో, మైలాపూరు కోనేటి దగ్గర దిగిన పెళ్లిరోజు ఫొటోకో. అడిగే ప్రశ్న కూడా ఒకటే: ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? నా మాట ముందే చెప్పేస్తాను. వెనకున్న దృశ్యానికి ఫిల్టర్ చాలు, మనుషుల్ని మాత్రం పెన్నుతో గీయాలి.

దీనికి కారణం యానిమేషన్ పనిలోనే ఉంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు గీయాలి. అన్నిసార్లు గీయాల్సిన మనిషికి చీర మడతలన్నీ, జుట్టు పోగులన్నీ వేస్తూ కూర్చుంటే పని తెమలదు. అందుకే పాత్రలకి శుభ్రమైన ఔట్‌లైన్, లోపల చదునైన రంగు, నీడ కోసం అదే రంగు కాస్త ముదురుగా. వెనక దృశ్యం అలా కాదు. షాట్ మొత్తానికి ఒకసారి వేస్తే సరిపోతుంది కాబట్టి ఆకులు, గోడల మీద నాచు, మబ్బులు అన్నీ తీరిగ్గా పెయింట్ చేస్తారు. సాదాగా ఉన్న మనిషి, నిండుగా ఉన్న పరిసరం: మన కంటికి 'ఇది గీసిన బొమ్మ' అనిపించేది ఈ తేడా వల్లే.

ఫిల్టర్‌కి ఈ తేడా తెలియదు. ఫొటోషాప్‌లో ఫిల్టర్ గ్యాలరీలోని పోస్టర్ ఎడ్జెస్ తీసుకోండి. వెలుగునీడలు మారిన ప్రతిచోటా నల్లగీత పెడుతుంది. నవ్వినప్పుడు బుగ్గ మీద పడే చిన్న మడత ముడతగా మారి, ముప్పై ఏళ్ల మనిషి యాభై ఏళ్లవాడిలా కనిపిస్తాడు. కంచిపట్టు చీర జరీ అంతా నల్లటి గందరగోళం. ఆకాశం మాత్రం బోసిగా మిగులుతుంది. అంటే యానిమేషన్‌కి సరిగ్గా తలకిందులు. కటౌట్ ఫిల్టర్ కొంత నయం, రంగుల్ని పలకలుగా విడగొడుతుంది. కానీ ముక్కు, బుగ్గ కలిసి ఒకే పలక అయిపోతాయి. ఇంకో సంగతి, ఈ గ్యాలరీ 16 బిట్ ఫొటోల (రంగు స్థాయిలు ఎక్కువగా దాచుకునే ఫైళ్ల) మీద పనిచేయదు, ముందు 8 బిట్‌కి మార్చుకోవాలి.

గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కార్టూన్ అనే ఫిల్టర్ ఉంది. రెండే స్లైడర్లు, ఒకటి రేడియస్ (ఒక్కో చోట చుట్టూ ఎన్ని పిక్సెళ్ల మేర చూడాలో), రెండోది నలుపు ఎంతశాతం అని. ఫలితం ఫొటోషాప్‌తో పోలిస్తే మరీ వెనకబడి ఏమీ ఉండదు, పైగా ఉచితం. 2025 మార్చిలో వచ్చిన 3.0 నుంచి వేసిన ఫిల్టర్‌ని తర్వాత కూడా సరిదిద్దుకోవచ్చు. జీమిక్ అనే ప్లగిన్ (అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాం) కలుపుకుంటే 500కి పైగా ఫిల్టర్లు. పరిసరాలకి ఇవి చాలా బాగుంటాయి. ముందు మీడియన్ బ్లర్‌తో చిన్న చిన్న వివరాలు నునుపు చేసి, ఆపైన రంగుల సంఖ్య తగ్గించే పోస్టరైజ్ వేసి, రంగుల గాఢత కొంచెం పెంచితే కోనేటి మెట్లు, గోపురం పెయింట్ చేసినట్టే వస్తాయి. ఆకాశాన్ని మాత్రం పెద్ద బ్రష్‌తో చేత్తోనే వేయండి.

ఇక మనుషులు. దీనికి నేను బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటానే ఎంచుకుంటాను, అదీ ఉచితమే. ఫొటో ఓపాసిటీ తగ్గించి (పల్చగా కనిపించేలా చేసి), పైన పారదర్శక కాగితం లాంటి కొత్త లేయర్ తెరిచి, దాని మీద గీయడమే. బ్రష్‌కి స్టెబిలైజర్ ఉంది కాబట్టి చెయ్యి వణికినా గీత సాఫీగా వస్తుంది. ఫొటో మీద గీయడం మోసమేమో అనుకోకండి. సినిమా ఫ్రేముల మీద గీతలు తీసే రోటోస్కోప్ పద్ధతికి అమెరికన్ యానిమేటర్ మాక్స్ ఫ్లైషర్ 1917లోనే పేటెంట్ పొందాడు.

కష్టమంతా ఏది గీయాలన్న దానిలో కాదు, ఏది వదిలేయాలన్న దానిలో ఉంది. బాపు గీత చూస్తూ పెరిగినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కనుపై రెప్ప గీత మందంగా, ముక్కుకి కింద చిన్న నీడ, పెదవులకి మధ్య గీత ఒక్కటి. చీర ఒంటి మీద గళ్లు వదిలేసి అంచు మాత్రం ఉంచండి. మల్లెదండలో ప్రతి మొగ్గా అక్కర్లేదు, అంచున నాలుగు కనిపిస్తే దండ అని తెలిసిపోతుంది. గీతకి నలుపు కన్నా ముదురు గోధుమరంగు మన ఒంటి రంగుకి బాగా నప్పుతుంది. పెన్ టాబ్లెట్ (పెన్నుతో గీస్తే కంప్యూటర్‌లో గీత పడే పలక) ఉంటే మేలు. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌లో చిన్నది చూసుకోండి, పెద్దది అవసరం లేదు.

ఫొటో ఎంపిక కూడా సగం పని. మెరీనాలో పొద్దున సముద్రం వైపు నుంచి వచ్చే ఎండలో, పక్కకి తిరిగి నిలబడితే ముఖం మీద వెలుగు, నీడ స్పష్టంగా విడిపోతాయి. రెండు రంగుల బొమ్మకి అదే కావాలి. మిట్టమధ్యాహ్నం ఫొటోలో కళ్లు చీకట్లో ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో అసలే వద్దు, డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని జేపెగ్ పద్ధతిలో ఇంకా కుదిస్తుంది. జేపెగ్ 8×8 పిక్సెళ్ల గళ్లుగా కుదిస్తుంది, ఫిల్టర్ ఆ గళ్ల అంచుల్ని కూడా గీతలనుకుంటుంది. ఏ3 సైజులో నాణ్యంగా ప్రింట్ వేయాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3508×4961 పిక్సెళ్లు కావాలి. సైజు ముందే సరిచేసుకుని తర్వాత ఫిల్టర్ వేయండి, ఎందుకంటే రేడియస్ లెక్క పిక్సెళ్లలో ఉంటుంది.

ఏఐ సంగతి. 2025 మార్చిలో చాట్‌జీపీటీలో కొత్త బొమ్మల సౌకర్యం వచ్చాక అందరూ దాని మీదే పడ్డారు. క్షణాల్లో అందమైన బొమ్మ వస్తుంది, నిజమే. కానీ అది మీ ఫొటో మీద గీయదు, దాన్ని చూసి కొత్త బొమ్మ తయారుచేస్తుంది. అమ్మ గడ్డం మీది పుట్టుమచ్చ పోతుంది, నాన్న పళ్ల మధ్య సందు పూడిపోతుంది. అందమైన ఎవరో ఇద్దరు ఉంటారు, మన అమ్మానాన్నలు కాదు. పైగా చిన్నపిల్లల ఫొటోలు ఇంకెవరి సర్వర్‌కో పంపడం నాకు ఇష్టం లేదు. ఆర్టిస్టులు ఏళ్ల తరబడి సాధించిన శైలిని వాళ్లని అడక్కుండా వాడుకోవడం కూడా నాకు బాధగానే ఉంటుంది.

వాట్సాప్ స్టేటస్ కోసం రాత్రికి రాత్రి కావాలంటే గింప్ కార్టూన్ ఫిల్టర్‌తో సరిపెట్టుకోండి, నలుపు శాతం బాగా తగ్గించి. ఆఫీసులో ఫొటోషాప్ ఎలాగూ ఉంటే కటౌట్ వాడి, ముఖాన్ని మాత్రం మాస్క్ చేసి (ఫిల్టర్ తగలకుండా కప్పి) వదిలేయండి. దీని కోసమే నెలనెలా చందా కట్టక్కర్లేదు. గోడకి తగిలించే బొమ్మైతే ఒక ఆదివారం కేటాయించి క్రిటాలో గీయండి. మొదట పెద్దవాళ్ల ముఖాలతో మొదలుపెట్టండి, పసిపిల్లల ముఖాలకన్నా వాటిలో పోలిక త్వరగా దొరుకుతుంది.